కాజా కుట్టు విప్పిన చెయ్యి

టార్చిలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. వారం రోజులుగా పాపం ప్రీతిని ఆ లైటు పట్టుకుని అలాగే కూర్చోబెట్టాం. చెయ్యి లాగుతూ ఉంటుంది. ఇక కదలనిద్దాం.

ఈ వారమే ఈ పేజీ తెరిచినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోతాను. పాత కామిక్ పుస్తకాలు ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయో చూసి, పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇవ్వడం ప్రీతి పని. రాయపూర్‌లో ఇదొక బతుకుతెరువా అని నవ్వినవాళ్లు చాలామందే ఉన్నారు, ఆమె తల్లి సూరమ్మతో సహా. నవ్వితే నవ్వారు. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ దాకా పాత కామిక్కులు పోగేసేవాళ్లు ఒకరి మాట ఒకరు చచ్చినా నమ్మరు, ప్రీతి రాసిన చీటీని మాత్రం నమ్ముతారు. పండరీ బజారులో ఓ చీరల హోల్‌సేల్ దుకాణం మీద ఆమె గది. ఆ గదిలో బల్ల మీద ఇప్పుడు యోగేష్ అనే మనిషి తెచ్చిన ‘డాకియా దిలేర్’ మొదటి సంచిక ఉంది. అట్ట మీద ఖాకీ చొక్కా తొడుక్కున్న పోస్టుమాను ఒకడు ఉత్తరాల సంచితో లోయలోకి సైకిలు తొక్కుకుంటూ పోతుంటాడు. ఒకప్పుడు ఈ ఊరి పిల్లలందరూ చదివి, చింపి, పారేసిన పుస్తకం. అందుకే ఇప్పుడు దొరకదు.

ఆ అట్ట వెనకాల టార్చి పెడితే కన్నాలు కనిపించాయి. వెన్ను పొడుగునా, బియ్యపుగింజంత లోపలికి, వరసగా. ఎవరో కాగితపు ముద్దతో వాటిని పూడ్చి పైన రంగు అద్దారు. పైన రెండు దగ్గరదగ్గరగా, మధ్యలో ఎడంగా, కింద మూడు కలిసి. అది కాజా కుట్టు. జాకెట్లకి కాజాలు కుట్టే చేత్తో పుస్తకాలు కూడా కుట్టిన మనిషి, ప్రీతికి తెలిసినంతలో, ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ మనిషి ఈపాటికి గుఢియారీలో ఇంట్లో కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతూ ఉంటుంది.

సూరమ్మ పుస్తకాలు కుట్టడానికి ఒక కథ ఉంది. రైల్వే క్వార్టర్లలో ఉన్న రోజుల్లో పక్కింటి పిల్లాడు తుప్పు మేకు గుచ్చుకుని ధనుర్వాతంతో పోయాడు. ఆ మర్నాటి నుంచి సూరమ్మ ఇనుము మీద పగబట్టింది. గోడ మేకులు పీకింది, మొలతాళ్లకున్న పిన్నీసులు తీసింది. వానాకాలంలో పిల్లల పుస్తకాల పిన్నులకి తుప్పు కనబడగానే ఆ పిన్నులు కూడా ఒక్కొక్కటీ ఊడబెరికి, వంకాయరంగు జాకెట్టు దారంతో ప్రతి పుస్తకానికీ కాజా కుట్టు వేసేసింది. లెక్కల పుస్తకమా, కామిక్కా అని చూడలేదు. పిన్ను పీకి దారం వేసిన కామిక్ అంటే గ్రేడింగు వాళ్ల కంటికి మూతి విరిగిన కూజా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని ప్రీతి తల్లిని ఎన్నిసార్లు ఆటపట్టించిందో.

“పుస్తకాలు పోతే పోనీయే. పిల్లలు మిగిలినారు కదా,” అనేది సూరమ్మ.

అన్న తరవాత ఇద్దరూ మాట్లాడేవారు కాదు. ఎందుకంటే పిల్లల్లో ఒకడు మిగల్లేదు.

ప్రీతి అన్న శివాజీ పదిహేనేళ్లప్పుడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పరీక్ష తప్పాడన్న కోపంలో తండ్రి దుర్గారావు, రైల్వే గార్డు, కొడుకు పెట్టెడు కామిక్కులూ తీసి పాత కాగితాలు కొనే రద్దీవాడికి తూకానికి వేసేశాడు. శివాజీ ఆ తక్కెట్లోంచి ఒక్క పుస్తకం లాక్కుని గుమ్మం దాటాడు. మళ్లీ రాలేదు. ఆ పుస్తకం ఇదే. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల ప్రీతి, గుమ్మంలో నిలబడి చూసింది. ఇప్పటికి ఇరవయ్యేళ్ల పైమాట. పోలీసులు, జ్యోతిష్కులు, మొక్కులు అన్నీ అయ్యాయి. సూరమ్మ మాత్రం ఇప్పటికీ కొడుకు పేరు ఎత్తినప్పుడు ‘ఉన్నాడు’ అనే అంటుంది. ‘ఉండేవాడు’ అని ఎవరైనా అంటే వాళ్ల జాకెట్టు కుట్టదు.

సరే. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ప్రీతి టార్చి ఆర్పింది.

యోగేష్ లోపలికి వచ్చి, బూట్లు విప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నలభై దగ్గరపడిన మనిషి. తల్లి తెలుగావిడ, తండ్రి ఇక్కడివాడు. నయా రాయపూర్‌లో ఏదో సర్కారీ ఆఫీసులో ఉద్యోగం. ఆ వెడల్పాటి రోడ్ల మీద మనుషులు కనబడక విసుగొచ్చి కామిక్కుల పిచ్చిలో పడ్డానని చెప్పుకుంటాడు. మంచివాడే. సరుకు చేతిలో ఉన్నప్పుడు మాత్రం కొంచెం తక్కువ మంచివాడు.

“దీదీ, అయిపోయిందా? ఎంతొచ్చింది? ఎనిమిది పక్కా కదా?”

“యోగేష్ గారూ, ఈ పిన్నులు ఎవరు వేశారు?”

“ఎవరేంటి, ప్రెస్సువాళ్లే. పాతవి. చూడండి, తుప్పు కూడా ఉంది.”

“పిన్నులకి తుప్పుంది. కాగితానికి లేదు,” అంది ప్రీతి. “అన్నేళ్లు ఒకేచోట ఉంటే పిన్ను కింద కాగితం ఎర్రబడాలి. ఇక్కడ తెల్లగా ఉంది. వేరే పాత పుస్తకంలోంచి పీకి దీనికి పెట్టారు. అట్టకి కన్నాలు పూడ్చారు.”

“కన్నాలా? ఏ కన్నాలు? నేనేం చెయ్యలేదు దీదీ, నా మీదెందుకు?”

ఆయన మీద ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం కామిక్కుల బజారులో కూడా ఉంది. యోగేష్ కాసేపు కిటికీలోంచి కింద బజారు చూశాడు. ఎదురు దుకాణం ముందు చీరల మూటలు దింపుతున్నారు. తిరిగి మాట్లాడినప్పుడు గొంతు మెత్తబడింది.

“చూడండి, పూరా దేశంలో ఈ నంబరు ఎంతమంది దగ్గరుందో మీకు తెలుసు. ఆదివారం మీటింగులో పెడతానని గ్రూపులో అందరికీ చెప్పేశాను. మీరు ‘పిన్నులు మార్చినవి’ అని రాస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ‘ముట్టుకోనిది’ అని రాసి ఎనిమిది వెయ్యండి. బస్. టార్చి పెట్టి ఎవడు చూస్తాడు? మీరు రాశాక ఎవడూ చూడడు.”

అదే మరి. ఆమె రాశాక ఎవరూ చూడరు. ఆ నమ్మకం సంపాదించడానికి ప్రీతికి పదేళ్లు పట్టింది. సొంత స్నేహితురాలు తెచ్చిన పుస్తకానికి మూడు మార్కులు వేసి ఆ స్నేహాన్ని పోగొట్టుకుంది కూడా. కానీ ఇప్పుడు ఆమె బుర్రలో మార్కులు లేవు. ఒకే ప్రశ్న ఉంది. అన్న చేతిలో గుమ్మం దాటిన పుస్తకం ఈ మనిషి చేతికి ఎలా వచ్చింది?

“ఇది ఎవరి దగ్గర కొన్నారు?”

యోగేష్ ఆమె ముఖంలోకి చూశాడు. బేరాల్లో ముదిరిన మనిషి. ఎదుటివాడికి ఏది కావాలో పట్టేశాడు.

“చెప్తాను. మీరు రాయాల్సింది రాయండి, నేను చెప్పాల్సింది చెప్తాను.”

ప్రీతి చీటీ ముందుకి లాక్కుంది. కలం తీసింది. ఎనిమిది అని ఒక్క అంకె. అది వేస్తే అన్న ఉన్న ఊరో, వీధో, కనీసం అన్నని చూసిన మనిషి పేరో దొరుకుతుంది. అమ్మకి ఇంటికెళ్లి చెప్పొచ్చు. దీనికంటే పెద్ద అబద్ధాలు ప్రపంచంలో రోజూ ఆడుతున్నారు, ఎవరి కొంపలూ మునగడం లేదు. ఆమె నిజంగానే కలం కాగితానికి ఆనించింది. దాచడం దేనికి, ఆ క్షణంలో ఆమె రాసేద్దామనే అనుకుంది.

రాయలేకపోయింది. పేరు పోతుందన్న భయం వల్ల కాదు. ‘ముట్టుకోనిది’ అన్న మాట రాయాలి. అంటే దీన్ని ఎవరూ ముట్టుకోలేదని. ఎవరూ కుట్టలేదని. వానాకాలం మధ్యాహ్నం ఒళ్లో పుస్తకం పెట్టుకుని, పిల్లాడి వేలికి ఇనుము గుచ్చుకోకూడదని కూర్చుని కుట్టిన మనిషి లేనే లేదని. పుస్తకం మీద నుంచి ఆ కుట్టు ఎవరో ఒకసారి తీసేశారు. రెండోసారి తన చేత్తో తీసెయ్యడం ప్రీతికి చేతకాలేదు.

ఆమె రాసింది: పిన్నులు మార్చినవి. పాత దారపు కుట్టు తీసి, కన్నాలు పూడ్చినవి. మూడు.

సంతకం పెట్టి చీటీ యోగేష్ వైపు తిప్పింది.

అతను అది చదివి, ఇంకోసారి చదివి, ఎర్రబడిపోయాడు.

“మూడా! వాహ్ దీదీ. ఈ నిజాయితీ, ఈ ఈమాందారీ బాగుంది. మరి ఈమాందారీ అంతా బయటివాళ్లకేనా? సొంత ఇంటికి లేదా?”

“అంటే?”

“అంటే ఏంటి! ఇది మీ ఇంట్లోంచే వచ్చింది. దుర్గారావు అంకుల్ ఇచ్చారు నాకు. దసరాకి ముందు. మా అమ్మాయికి చెప్పకు, ఎక్కడైనా దూరంగా అమ్ముకో అన్నారు. నాకు తెలిస్తే కదా, మీరు పట్టేస్తారని! దారం నేను తియ్యలేదు. అమ్మ మీద ఒట్టు. నా చేతికొచ్చేసరికే దారం లేదు. ఉత్తి కన్నాలే. ఆయనే విప్పారు. కన్నాలు పూడ్చి పిన్నులు వేసింది మాత్రం నేనే, ఒప్పుకుంటున్నాను. ఇది కూడా రాయండి చీటీలో. కుట్టు విప్పింది మా నాన్న అని రాయండి!”

అని పుస్తకం, చీటీ రెండూ లాక్కుని, బూట్లు సగం తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

ప్రీతి ఖాళీ అయిన బల్ల వైపు చూసింది. అన్నని వెతుకుతూ ఎన్ని ఊళ్లు తిరిగారు, ఎన్ని స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద ఫోటో అంటించారు. ఆ ఫోటోలకి జిగురు కలిపి ఇచ్చింది నాన్నే. నాన్న దగ్గర ఆ పుస్తకం ఉంది అంటే నాన్న అన్నని చూశాడు. చూసి, ఇంటికొచ్చి, అన్నం తిని, అమ్మ పక్కన కూర్చుని, ఏమీ తెలియనట్టు ఉన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమెకి ఏడుపు రాలేదు. గదికి తాళం వేసి మెట్లు దిగింది.

గుఢియారీలో వాళ్ల ఇల్లు రైలు పట్టాలకి ఎంత దగ్గరంటే గూడ్సు పోతే గిన్నెలు మాట్లాడతాయి. ప్రీతి వచ్చేసరికి ఇంకా ఎండ పూర్తిగా దిగలేదు. ముందు వసారాలో దుర్గారావు చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. రిటైరైన దగ్గర నుంచీ ఆ పని ఆయనదే. గార్డుగా పనిచేసిన చెయ్యి, డెబ్బై దాటినా వణకదు. లోపలి గదిలో సూరమ్మ కాలి మిషను గరగరమని నడుస్తోంది.

“ఒలమ్మీ, ఏటి ఈయేళ తొరగా వొచ్చీసినావు?” అన్నాడు దుర్గారావు.

ప్రీతి ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. మిషను నడుస్తున్నంతసేపూ అమ్మకి వినబడదు.

“నాన్నా, యోగేష్‌కి పుస్తకం ఇచ్చావా?”

చేటలో వేళ్లు ఆగిపోయాయి. మిషను కూడా అప్పుడే ఆగింది. సూరమ్మ గుడ్డ తిప్పుకుంటోంది కాబోలు. తండ్రీ కూతుళ్లిద్దరూ నోరు మూసుకుని పప్పు వైపు చూశారు. మిషను మళ్లీ మొదలైంది.

“ఎవలు సెప్పినారు?” అన్నాడు గొంతు తగ్గించి.

“అమ్మ కుట్టు నాకు తెలీదా? కన్నాలు చూసి గుర్తుపట్టాను.”

“దారం ఉంటే నువ్వు పోల్చీస్తావనే ఇప్పదీసినాను. కన్నాలు మర్చిపోనాను.” నుదురు కొట్టుకుని, “బుర్ర తక్కువెదవని,” అన్నాడు తనని తనే.

“అన్నయ్య కనిపించాడా నీకు?”

ఆయన తల ఊపాడు. అంతే. అంత తేలిగ్గా. ప్రీతికి ఆ చేట ఎత్తి ఆయన నెత్తిమీద గుమ్మరించాలనిపించింది. అరవకూడదు, పక్క గదిలో అమ్మ ఉంది. పళ్లు బిగించి అడిగింది.

“ఎప్పుడు? ఎక్కడ?”

“సానా ఏళ్లయింది. కాంటాబంజీలో. నేను ప్యాసింజరు మీదున్నాను. లైను క్లియరు లేదని బండి నిలిపీసినారు. ప్లాట్‌ఫారం మీద సైకిలు ట్యూబులు మోసుకెళ్తన్నాడు. నడక సూసి పోల్చినాను. ఆడూ నన్ను పోల్చినాడు. పారిపోతాడనుకున్నాను, పారిపోలేదు. గుడిసెలోకి ఎల్లి ఈ పుస్తకం తెచ్చినాడు. ఇది అమ్మకియ్యి, బతికే ఉన్నానని సెప్పు, అమ్మ రమ్మంటే వొస్తాను అన్నాడు.”

“అమ్మ రమ్మంటే,” అంది ప్రీతి. “నువ్వు రమ్మంటే కాదు.”

“ఊఁ.”

“మరి అమ్మకి చెప్పలేదేం?”

గూడ్సు బండి ఒకటి వచ్చింది. గిన్నెలు గలగలలాడాయి. దుర్గారావు అది పోయేదాకా ఆగాడు. గూడ్సు పోయింది, లోపల మిషను నడుస్తూనే ఉంది.

“లైను పెట్టెలో పెట్టినాను పుస్తకం. రేపు సెబుదాం, ఎల్లుండి సెబుదామని. ఆ పెట్టె మీయమ్మ ముట్టుకోదు కదా, జెండాలూ, పట్టాల మీద పేల్చే డిటోనేటర్లూ ఉంటాయని బయం.” గార్డులు డ్యూటీకి మోసుకెళ్లే నల్ల ఇనప్పెట్టె అది. రిటైరయ్యాక మంచం కింద పడి ఉంది. “మొన్న దసరాకి ఇల్లు దులుపుతాను, పెట్టె కూడా పాతసామాన్లోడికి ఇచ్చెయ్యండి అంది. గుండె జారిపోయింది. కాల్చీదామనుకున్నాను. సెయ్యి రాలేదు. రద్దీలో ఎయ్యొచ్చు. ఆ పని ఒకసారి సేసినాను కదా, ఆడెల్లిపోనాడు. మళ్లీ తూకానికెయ్యడం నా వల్ల కాలేదమ్మా. దాని ఇలువ తెలిసినోడికిద్దామని, నీ కాడికొచ్చే యోగేష్‌కిచ్చినాను.”

ప్రీతికి జాలి వేసింది, ఆ జాలి మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు తల్లిని గుమ్మంలో నిలబెట్టిన మనిషి మీద జాలి పడడమేమిటి?

“సరే, పుస్తకం దాచావు. అన్నయ్యకి జవాబు ఏం చెప్పావ్? అమ్మ రమ్మంటే వస్తానన్నాడు కదా. రాలేదు. అంటే నువ్వు మళ్లీ వెళ్లి ఏదో చెప్పావు. ఏం చెప్పావ్ నాన్నా?”

దుర్గారావు పప్పులో రాయి కోసం వెతికాడు. దొరకలేదు.

“ఏదో ఒకటి సెప్పాల కదా,” అన్నాడు.

“ఏది?”

“వొదిలీయమ్మా.”

“అమ్మ రావద్దంది అని చెప్పావా? అమ్మకి కోపం తగ్గలేదని చెప్పావా? చెప్పు!”

“అలాగ సెబితే ఒప్పుకునే గుంటడు కాదు ఆడు. కాళ్ల మీద పడతానని వొచ్చీసేవోడు.” అని, నోరు జారినట్టు ఠక్కున ఆపేశాడు. చేట పక్కన పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ప్రీతికి చెవిలో ఏదో తేడాగా తగిలింది. కుట్టుపని ఇంట్లో పుట్టిన పిల్ల. పాదం కింద గుడ్డ నడుస్తున్నప్పుడు మిషను మెత్తగా గరగరమంటుంది. గుడ్డ లేకుండా తొక్కితే టకటకమని పొడిగా మోగుతుంది. లోపలి నుంచి వస్తున్నది పొడి చప్పుడు. ఇందాక గూడ్సు పోయినప్పుడు కూడా అదే. అమ్మ ఎప్పటి నుంచి ఉత్తి మిషను తొక్కుతోంది? ఎవరికి వినబడాలని తొక్కుతోంది?

“అమ్మా,” అని పిలిచింది ప్రీతి.

మిషను ఆగింది. సూరమ్మ గుమ్మంలోకి వచ్చింది. మెడలో టేపు, జాకెట్టుకి గుచ్చిన సూది, ఎప్పటిలాగే. ముఖం మాత్రం ఎప్పటిలా లేదు. ఎడమ చేతిలో ఒక దారపు ఉండ ఉంది. వంకాయరంగు. విప్పిన పాత దారం, కుట్టు పడిన ప్రతిచోటా వంకీలు అలాగే ఉన్నాయి.

“పుస్తకం బయటికంపీగలిగినారు గానీ దారం పారెయ్యలేకపోనారు,” అంది భర్తతో, అరవకుండా. “దసరాకి పెట్టె కాళీ సేసినాను. ఎర్రజెండాలో సుట్టి ఉంది. నా సేతి దారం నాకు తెలవదేటి?”

దుర్గారావు లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు.

“సూరమ్మా, నేను సెబుదామనే...”

“మీరుండండి. మీరు సెప్పే కాలం అయిపోనాది.” ప్రీతి వైపు తిరిగింది. “రిటైరయ్యాక కూడా ఈయన మూడ్నెల్లకోపాలి కాంటాబంజీ ఎల్తారు కదే. పాత స్నేహితుడున్నాడంటారు. మిఠాయి పొట్లం తెత్తారు. నేను తింటాను. ఈ దారం దొరికిన్నాడు ఆ స్నేహితుడెవలో నాకు తెలిసిపోనాది.”

ప్రీతి తండ్రి వైపు చూసింది. ఒక్కసారి చూడడం కాదు. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాడు. ఆ మిఠాయి తనూ తింది.

“పోయిన నెల్లో బొబ్బిలి ఎల్లినాను కదా, మా సెల్లి అప్పలనరసమ్మ ఇంటికని,” అంది సూరమ్మ. “బొబ్బిలి ఎల్లలేదు. దార్లో కాంటాబంజీలో దిగిపోనాను.”

దుర్గారావు చటుక్కున తలెత్తాడు. సూరమ్మ ఆయన వైపు చూడకుండా చెప్పుకుపోయింది.

“స్టేషను బయట తెలుగోడి సైకిలు కొట్టు ఏదంటే సూపించినారు. ఆడే. జుత్తు నెరిసిపోనాది. సెక్రం బిగిస్తన్నాడు. నేను కొంగు తలమీదికి లాక్కుని నిలబడ్డాను. నోట్లోంచి మాట రాలేదు. తలెత్తి సూసినాడు నన్ను. సూసి, ఎవలు కావాల మాయీ అని హిందీలో అడిగినాడు.”

“నువ్వు చెప్పలేదా అమ్మా?” ప్రీతి ఏడ్చేసింది. “నేనే మీ అమ్మనని చెప్పలేదా?”

“సెబుదామనే నోరు తెరిసినాను. అప్పుడు ఆడెనకాల గోడ కనిపించినాది.” సూరమ్మ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. “గోడకి నా పటం ఉంది. క్వార్టర్లో ఉన్నప్పుడు తీయించుకున్నది, పచ్చచీరది. పటానికి దండేసి ఉంది. కింద అగరొత్తులు కాలతన్నాయి. ఆ పటం ముందర నిలబడి నేనే మీయమ్మనురా అంటే ఏటనుకుంటాడే? దెయ్యమనుకోడూ? గుండాగి సస్తాడేమోనని బయమేసింది. దాహం తాగడానికి నీళ్లడిగినాను. ఇచ్చినాడు. తాగీసి వొచ్చీసినాను.”

దుర్గారావు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

సూరమ్మ వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. దారపు ఉండ తీసి చేటలో, పప్పు మీద పెట్టింది.

“నెల్రోజులు ఆగినాను, మీ అంతట మీరు సెబుతారని. ఇంక ఆగలేను. సేతులు తీసి నన్ను సూడండి. ఆడికి నేనెప్పుడు సచ్చిపోనానని సెప్పినారు? ఏ రోగంతో సంపీసినారు నన్ను?”